అడుగు వరుస చిట్టెలుకలు

కోటయ్యకు మనుషుల పేర్లు గుర్తుండవు గానీ ఎలుకల నెంబర్లు గుర్తుంటాయి. దక్షిణ ఢిల్లీలో వేపచెట్ల చాటున ఉన్న ఒక పరిశోధన సంస్థలో, జంతుశాల అని పిలిచే పొడుగాటి ఒంటంతస్తు భవనంలో, పద్నాలుగేళ్ళుగా చిట్టెలుకలకు తిండీ నీళ్ళూ చూసేది ఆయనే. పంజరాల్లో రంపపు పొట్టు మార్చాలి, నీళ్ళ సీసాలు నింపాలి, ఏది ఈనిందో ఏది చచ్చిందో రిజిస్టరులో రాయాలి. ఆయనకు హిందీ మాట్లాడటం వచ్చింది గానీ రాయడం రాలేదు. ఇంగ్లీషు రెండు విధాలా రాలేదు. అందుకని ఆ రిజిస్టరులో అంకెలు అందరికీ అర్థమవుతాయి, మాటలు మాత్రం తెలుగులో ఉంటాయి. తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఆ అక్షరాలు చూసి, ఇది రిజిస్టరా మిఠాయి కొట్టా, అన్నీ జిలేబీలే ఉన్నాయే అని నవ్వి, సంతకం పెట్టి పోయాడు.

పద్నాలుగేళ్ళయినా కోటయ్య ఇంకా దినకూలీయే. నరసరావుపేట పక్క పల్లె నుంచి ఒక కేంద్ర ప్రభుత్వ అధికారి ఇంట్లో వంటకని వచ్చాడు. ఆ అధికారికి బదిలీ అయినప్పుడు సామానంతా లారీ ఎక్కింది గానీ కోటయ్య ఎక్కలేదు. పోతూ పోతూ ఆ పెద్దమనిషి ఇక్కడ కూలీగా పెట్టించి పోయాడు. ఇన్నాళ్ళకు, 2006 అక్టోబరులో, పర్మనెంటు చెయ్యవలసిన ఏడుగురి జాబితా నోటీసు బోర్డుకెక్కింది. అందులో అయిదో పేరు కోటయ్యది. శాఖాధిపతి డాక్టర్ భల్లా మేడమ్ 'ఇతని పనిలో ఏ లోపమూ లేదు' అని ఒక ముక్క రాసి పంపితే చాలు, ఆర్డరు వచ్చేస్తుంది. ఆ కబురు విన్నరోజు కోటయ్య భార్య నాగమల్లేశ్వరి పట్టరాని సంతోషంతో, తాము కాపురముండే కటవారియా సరాయ్ పేటలో తన దగ్గర డబ్బిచ్చి టిఫిను తినే తెలుగు పిల్లలందరికీ పెసరట్టు ఊరికే పెట్టింది. కలెక్టర్లు కావాలని పుస్తకాల మీద పడి ఉన్న ఆ పిల్లలు, ఈ కోటయ్య గారికి ఏ ఉద్యోగం వచ్చిందో అడక్కుండానే రెండేసి తిన్నారు.

ఆ సంస్థలో కోటయ్యతో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కతే, వీణ. అనకాపల్లి అమ్మాయి, డాక్టరేటుకు నాలుగో ఏడు. మిగతావాళ్ళకు ఆయన 'కోటా భయ్యా' అయితే ఈ పిల్లకు బాబాయ్. వీణ పరిశోధనకు ముసలి ఎలుకలు కావాలి. ముసలి ఎలుకలు బజార్లో దొరకవు, కుర్రవాటిని తెచ్చి ముసలివయ్యేదాకా కూర్చోవాలి. అలా రెండేళ్ళకు పైగా ఇద్దరూ కూర్చున్నారు. అవి మామూలు ఎలుకలు కూడా కావు. నీలి దీపం కింద పెడితే వాటి ఒంట్లో ప్రతి కణమూ పచ్చగా వెలుగుతుంది. వాటి కణం ఒకటి తీసి ఇంకో ఎలుకలో పెడితే, అది ఎక్కడికి పోయినా పచ్చగా కనపడి దొరికిపోతుంది.

"అసలు ఏంది వీణమ్మా నువ్వు వీటికి చేసేది?" అని ఒకరోజు కోటయ్య అడిగేశాడు. "సిగ్గుపడమాకు. నేనూ రైతుబిడ్డనే. కోడెలకి బీజాలు కొట్టించడం చూసినోణ్ణే."

వీణ గాజు గొట్టాన్ని మంట మీద లాగి వెంట్రుకంత సూది చేస్తోంది. ఆ సూదితోనే ఎలుక వృషణంలోకి కణాలు ఎక్కించాలి.

"సిగ్గేటి బాబాయ్, నాలుగేళ్ళ నుంచి ఇదే పని. వృషణం అంటే లోపల సన్నటి గొట్టాలు, నూలు ఉండలా చుట్టుకుని ఉంటాయి. గొట్టం గోడ వెంబడి మూలకణాలని కొన్ని కూర్చుంటాయి. చాలా తక్కువ. జీవితాంతం వీర్యకణాలు పుట్టేది వాటి నుంచే. అందుకని అవి రెండు పన్లు చెయ్యాలి. కొన్ని వీర్యకణాలుగా మారిపోవాలి, కొన్ని మారకుండా అలాగే ఉండిపోవాలి."

"విత్తనాల గింజలు" అన్నాడు కోటయ్య. "అన్నీ వండుకు తింటే వచ్చే ఏడు చల్లడానికి ఏముంటయ్."

"అదే. మరి ఏది మారాలి, ఏది ఉండాలి? ఆ కణం తనంతట తాను తేల్చుకోదు. చుట్టూ దాది కణాలని పెద్దవి ఉంటాయి. అవి దీన్ని ఒళ్ళో పెట్టుకున్నట్టు పట్టుకుని, నువ్వుండు, నువ్వు నడువు అని చెబుతుంటాయి. నోటితో కాదులెండి, రసాయనాలతో. ఇప్పుడు ముసలెలుకకి పిల్లలు పుట్టడం తగ్గిపోతుంది కదా. ఎందుకు? విత్తనం పుచ్చిపోయిందా, అది కూర్చున్న చోటు పాడైపోయిందా? అది తేలాలి."

"ఎట్టా తేలుస్తావు?"

"కాపురం మార్పిస్తాను. కుర్ర ఎలుకకి ఒక మందిచ్చి దాని సొంత కణాలు ఖాళీ చేయిస్తాను. దాదులు మాత్రం ఉంటాయి. ఆ ఖాళీ ఇంట్లో ముసలెలుక మూలకణాలు పెడతాను. అక్కడ పెరిగితే విత్తనం మంచిదే, ఇన్నాళ్ళూ ఇల్లే చెడ్డది. పెరక్కపోతే విత్తనమే పుచ్చింది."

కోటయ్య కాసేపు ఆలోచించాడు. ఆయనకు యాభై మూడేళ్ళు. "నా పందెం విత్తనం మీద" అన్నాడు. వీణ నవ్వింది. తన పందెమూ దానిమీదేనని చెప్పింది. భల్లా మేడమ్ మాత్రం ముసలి విత్తనం ముసలిదే అంటున్నారట.

డిసెంబరు మొదటి వారంలో ఆపరేషన్లు చేశారు. మొత్తం ముప్పై రెండు కుర్ర ఎలుకలు. పదహారింటికి కుర్ర కణాలు, పదహారింటికి ముసలి కణాలు. కుర్ర కణాలవి పై వరుసలో పెట్టారు. ముసలి కణాలవి అడుగు వరుసలో. అడుగు వరుస అయితే స్టూలు మీద కూర్చుని ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండవచ్చని కోటయ్యే అక్కడ పెట్టించుకున్నాడు. రెండేళ్ళు చేత్తో పెంచిన వాటి విత్తనాలాయె, కాస్త పక్షపాతం ఉండదా మరి.

పదిహేను రోజులకు చలి దిగింది. ఢిల్లీ చలి సంగతి చెప్పేదేముంది, బకెట్లో నీళ్ళు చూస్తేనే ఒళ్ళు జివ్వుమంటుంది. ఆ భవనంలో గదుల్ని వెచ్చగా ఉంచే యంత్రం ఒకటి ఉంది గానీ అది పగలు నడుస్తుంది, రాత్రయితే పేరుకే. ఎలుకలన్నీ పంజరం మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ముద్దగా పడుకుంటున్నాయి. కోటయ్యకు అన్నం సహించలేదు. ఇంటికి వెళ్ళి మల్లేశ్వరితో చెప్పుకున్నాడు.

"ఆపరేషనయిన ప్రాణులయ్యా అవి, బాలింతల్లాంటివి" అంది మల్లేశ్వరి. "మన ఉష పుట్టినప్పుడు మా అమ్మ నా మంచం కింద కుంపటి పెట్టి నెల రోజులు తియ్యలా. చలిగాలి తగిలితే ఇంక కోలుకుంటయ్యా?"

ఇంతకన్నా సబబైన మాట కోటయ్యకు జన్మలో వినపడలేదు. మర్నాడే స్టోరు గది అటక మీద నుంచి పాత కాయిల్ హీటరు దింపాడు. రెండు ఇటుకలు వేసి, వాటి మీద హీటరు పెట్టి, అడుగు వరుస కిందికి తోశాడు. మంచం కింద కుంపటి ఎలా పెడతారో అచ్చం అలాగే. సాయంత్రం అయిదింటికి ఇంటికి పోతూ వెలిగించేవాడు, పొద్దున ఎనిమిదింటికి అందరికన్నా ముందు వచ్చి తీసేవాడు. వీణ తలుపు పక్కన గోడకున్న థర్మామీటరు చూసి వేడి రాసుకునేది పదకొండింటికి. అది ఎప్పుడూ ఇరవై మూడే చూపించేది. కోటయ్య దాచాలని దాచింది ఏమీ లేదు. ఎవరూ అడగలేదు, ఇది చెప్పేంత పనా అని ఆయనా అనుకున్నాడు. అడుగు వరుస ఎలుకలు ముద్దగా పడుకోవడం మానేసి, దేనికది విడిగా, కాళ్ళు చాపుకుని బోర్లా పడుకుంటున్నాయి. ఎంత సుఖంగా నిద్రపోతున్నాయో అని చూసి మురిసిపోయేవాడు పాపం.

ఫిబ్రవరి రెండో వారంలో వీణ పై వరుసలో ఎనిమిదింటినీ అడుగు వరుసలో ఎనిమిదింటినీ కోసి చూసింది. మిగతా సగం వచ్చే బుధవారానికి అట్టే పెట్టింది. కోసినరోజు మధ్యాహ్నం కోటయ్య టిఫిను డబ్బా పట్టుకుని వెళ్తే, ఆ పిల్ల ప్రయోగశాల మెట్ల మీద మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది.

"పై వరుసలో ఎనిమిదికి ఏడు పచ్చగా ఉన్నాయి బాబాయ్. మీరు పెంచినవాటివి ఒక్కటీ లేవు. అక్కడో చుక్కా ఇక్కడో చుక్కా, అంతే. విత్తనమే పుచ్చింది. మేడమ్ చెప్పిందే నిజమైంది. రాసెయ్ అంటున్నారు."

కోటయ్య పక్క మెట్టు మీద కూర్చున్నాడు. పందెం ఓడినందుకు కాదు గానీ ఆయనకు నిజంగానే దుఃఖం వచ్చింది. "ఇల్లు కుర్రదే గదమ్మా. ఇంట్లో ఏదన్నా లోపమేమో చూశావా?"

"ఏ లోపమూ లేదు. రెండు వరుసలూ ఒక్క ఈడువే. ఒక్కటే మందు, ఒక్కటే తిండి. వేడి కూడా ఇరవై మూడు దాటలేదు, రోజూ రాశాను."

"వేడికీ దీనికీ ఏంది?"

"అంతా దానితోనే బాబాయ్. వృషణాలు ఒంటి బయట ఎందుకు ఉంటాయనుకున్నారు? ఒంటికన్నా నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలని. వేడెక్కితే లోపల దాదుల పని దెబ్బతింటుంది. మూలకణం ఉన్నచోటే బిగుసుకుని కూర్చుంటుంది, ముందుకు నడవదు. ఇల్లంటే గోడలొక్కటే కాదు కదా, ఆ చల్లదనం కూడా ఇల్లే."

కోటయ్య గుండెల్లో రాయి పడింది. పంజరాల కింద ఎర్రగా కాలే కాయిల్ కళ్ళముందు కనపడింది. విడివిడిగా బోర్లా పడుకున్న ఎలుకలు కనపడ్డాయి. అది సుఖం కాదు, ఉక్క. మండువేసవిలో మనుషులు గచ్చు మీద పడుకున్నట్టు పడుకున్నాయి. డబ్బా ఆ పిల్ల పక్కన పెట్టి లేచి వచ్చేశాడు. ఆ పూట జంతుశాలలో తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. హీటరును తీసుకెళ్ళి మళ్ళీ అటక మీద పెట్టాడు.

సాయంత్రం మల్లేశ్వరి మినప్పప్పు కడుగుతుంటే పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు. ఆమె చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది.

"నేనే గదా చెప్పింది" అంది.

"నువ్వు చెప్తే మాత్రం, ఆ పిల్లని ఒక్కమాట అడగాలన్న బుద్ధి నాకుండొద్దా?"

"నిన్నెవరన్నా అడిగారా దాన్ని గురించి?"

"లేదు."

"మరి ఊరుకో. ఉగాదికల్లా ఆర్డరొస్తది. పద్నాలుగేళ్ళయ్యా. ఏ లోపమూ లేదని రాయాల్సిన మనిషి దగ్గరికి నువ్వే పోయి, ఇదుగో నా లోపం అని చూపిస్తావా?"

ఆమె పప్పు కడగడం అయిపోయినా మళ్ళీ కడుగుతూనే ఉంది. కాసేపటికి తల ఎత్తకుండా, "మిగిలినయ్ ఎన్ని?" అని అడిగింది. ఎనిమిది ఉన్నాయనీ బుధవారం వాటినీ కోస్తారనీ చెప్పాడు. తర్వాత ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. శనివారం గడిచింది, ఆదివారం గడిచింది. కక్కలేక మింగలేక అంటారే, ఆ రెండు రోజులూ కోటయ్య బతుకు అదే. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు, ఒక అబద్ధం మాత్రం ఆ పిల్ల పేరు మీద ఇంగ్లీషు పుస్తకాల్లోకి ఎక్కి కూర్చుంటుంది. ముసలి విత్తనం పుచ్చిపోతుందని లోకమంతా నమ్ముతుంది. లోకం సంగతి ఎలా ఉన్నా, రెండేళ్ళు తన చేతి తిండి తిన్న ఆ ముసలి ఎలుకల మీద లేని నింద వేస్తున్నారు, వేయిస్తున్నది తాను. ఆయనకు ఎక్కువ బాధ అక్కడే వేసింది.

సోమవారం పొద్దున బయల్దేరుతుంటే మల్లేశ్వరి ఏమీ అడగలేదు. ఇస్త్రీ చొక్కా తీసి ఇచ్చింది. ఎందుకని ఆయనా అడగలేదు.

భల్లా మేడమ్ గదిలో వీణ కూడా ఉంది. ఇద్దరూ కాగితాలు చూస్తున్నారు. కోటయ్య తలుపు దగ్గరే నిలబడి, తనకు వచ్చిన హిందీలో, హీటరు సంగతి మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా చెప్పాడు. ఇటుకలతో సహా చెప్పాడు. మల్లేశ్వరి పేరు మాత్రం ఎత్తలేదు. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ కోపం అందరూ ఎరిగిందే, కేకలు వేస్తే గదులు దాటి వినపడుతుంది. ఆ రోజు కేకలు వెయ్యలేదు.

"అడక్కుండా పెట్టావు."

"తప్పయిపోయింది మేడమ్."

వీణ లేచి వెళ్ళి జంతుశాల రిజిస్టరు తెచ్చింది. పేజీలు తిప్పింది. డిసెంబరు ఇరవై ఒకటి దగ్గర ఆగి, తెలుగులో చదివి, మేడమ్‌కు ఇంగ్లీషులో చెప్పింది. 'అడుగు వరుస. సాయంత్రం నింపిన సీసాలు పొద్దుటికి ఖాళీ. రెండోసారి నింపితిని.' ఇంకో పేజీ. 'జనవరి నాలుగు. అడుగు ఎలుకలు విడివిడిగా బోర్లా పడుకొన్నవి. సుఖముగా ఉన్నవి.' ఆ మాట దగ్గర వీణ ఆగి, పేజీ అడుగుకు వేలు జరిపింది. ప్రతి పేజీ కిందా చూసినట్టు ఆమె సంతకం ఉంది. ఆ రిజిస్టరు చదవగల మనిషి ఆ సంస్థ మొత్తానికి తనొక్కతే. రెండు నెలలు చదవకుండా సంతకాలు పెట్టుకుంటూ పోయింది.

ఆ రాత్రి ఖాళీ పంజరంలో థర్మామీటరు పెట్టి, హీటరు అలాగే వెలిగించి చూశారు. పొద్దున తీస్తే ముప్పై ఏడు మీద ఉంది.

వీణ ఆ పంజరాన్ని అలా చూస్తూ నిలబడిపోయి, ఉన్నట్టుండి, "మేడమ్, ఆ చుక్కలు" అంది. అడుగు వరుసలో అక్కడక్కడా కనపడ్డ పచ్చ చుక్కలు. పుచ్చిన విత్తనాలైతే అవి కూడా మిగలవు. అవి చచ్చిపోలేదేమో. వేడికి బిగుసుకుని, చల్లబడేదాకా కూర్చుందామని కూర్చున్నాయేమో. బుధవారం కోత ఆపేసి, మిగిలిన ఎనిమిదింటినీ చల్లగా ఉంచి రెండు నెలలు ఆగితే తేలిపోతుంది. మార్చిలో ఇవ్వవలసిన థీసిస్ ఆగిపోతుంది, ఆగితే ఆగనీ అంది వీణ.

"ఠీక్ హై" అన్నారు మేడమ్. తర్వాత కోటయ్య వైపు తిరిగారు. "నువ్వు రేపటి నుంచి జంతుశాలకు రావద్దు. గాజు సామాను కడిగే గదికి వెళ్ళు. ఆ ఎనిమిదింటినీ వేరే మనిషి చూస్తాడు. ఫలితం ఎలా వచ్చినా నీ చెయ్యి పడిందని ఎవరూ అనకూడదు."

కోటయ్యకు చివరి మాటలు చెవికెక్కలేదు. రావద్దు అన్నదొక్కటే వినపడింది. పద్నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి పొద్దున్నే ఎలుకల వాసన లేని గదిలోకి వెళ్ళి, ఫ్లాస్కులూ పరీక్షనాళికలూ కడగడం మొదలుపెట్టాడు. మార్చి చివర నోటీసు బోర్డు మీద ఆర్డర్లు వచ్చినవారి పేర్లు పెట్టారు. ఏడుగురిలో ఆరుగురివి ఉన్నాయి. లేనిది ఎవరిదో చెప్పనక్కర్లేదు. వెళ్ళి అడిగే ముఖం ఆయనకు లేదు. ఇంటికెళ్ళి చెబితే మల్లేశ్వరి, "సరేలే, పోయిన ప్రాణాల కన్నా ఎక్కువా" అని ఊరుకుంది. ఎలుకల సంగతి మాత్రం ఆమె ఎన్నడూ అడగలేదు. ఆయన చెప్పబోయినా పని ఉందని లేచిపోయేది.

కడిగే గదికి మారిన మొదటి మూడు రోజులూ వీణ ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు కడిగే గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మీ మీద కోపం పోలేదు బాబాయ్" అంది. "నా మీద నాకున్నది అసలే పోలేదు. కానీ ఆ ఎనిమిదీ బాగున్నాయి. చెబుదామని వచ్చాను."

"నీళ్ళు?"

"మామూలుగా తాగుతున్నాయి."

ఆ తర్వాత నుంచి రోజూ వచ్చి ఆ ఒక్క ముక్కా చెప్పి పోయేది. ఎనిమిదీ బాగున్నాయి. కోటయ్య సబ్బు చేతులతోనే సరేనని తల ఊపేవాడు. ఆ మాట వినకుండా మధ్యాహ్నం అన్నం తినేవాడు కాదు. హోలీ వెళ్ళింది, ఉగాది వెళ్ళింది, ఎండలు మొదలయ్యాయి. జంతుశాలకు చల్లటి గాలి పంపే యంత్రాన్ని వీణ దగ్గరుండి బాగు చేయించిందని విన్నాడు.

ఏప్రిల్ మూడో వారంలో ఒక పగలు, కోటయ్య బీకర్లు ఆరబెడుతుంటే వీణ చేతి తొడుగులు కూడా తియ్యకుండా పరిగెత్తుకుంటూ వచ్చింది. "రండి" అంది. ఏమైందని అడిగితే చెప్పలేదు. ఆయన చెయ్యి పట్టుకుని దీపాలు ఆర్పేసిన చిన్న గదిలోకి లాక్కెళ్ళి, మైక్రోస్కోపు ముందున్న స్టూలు మీద కూర్చోబెట్టింది. గోడ పక్కన భల్లా మేడమ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

ఆ సంస్థలో అన్నేళ్ళున్నా కోటయ్య ఆ యంత్రంలోకి చూడటం అదే మొదలు. ముందు చీకటి తప్ప ఏమీ కనపడలేదు. తన కనురెప్పల వెంట్రుకలే కనపడ్డాయి. వీణ ఏదో తిప్పింది. అప్పుడు కనపడింది. వంకర్లు తిరిగిన గొట్టాలు, వాటి పొడుగునా పచ్చదనం. నారుమడిలా పచ్చగా, ఒత్తుగా ఉంది.

"ఎన్నిటికి?" అన్నాడు.

"ఎనిమిదికి ఆరు. ముసలివాటి విత్తనాలు బాబాయ్. రెండు నెలలు ఆ వేడిలో కదలకుండా కూర్చున్నాయి. చల్లబడగానే లేచి కాపురం పెట్టేశాయి. కొన్ని నడిచాయి, కొన్ని ఉండిపోయాయి, దాదులు ఎలా చెబితే అలా. మేం కావాలని చేద్దామన్నా ఇంత బాగా వచ్చేది కాదేమో."

"ఆ మాట అతని ముందు అనకు" అన్నారు మేడమ్ ఇంగ్లీషులో. "మళ్ళీ పెడతాడు." వీణ అది తెలుగులో చెప్పి నవ్వింది. కోటయ్యకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. యాభై మూడేళ్ళ మనిషి ఆడవాళ్ళ ముందు ఏడవడమేమిటని ఆపుకోబోయాడు, ఆగలేదు.

మేడమ్ ఆయన సర్దుకునేదాకా ఆగారు. తర్వాత, మామూలు మాట చెబుతున్నట్టు, "సోమవారం ఆఫీసుకి వెళ్ళి నీ ఆర్డరు తీసుకో, కోటయ్యా" అన్నారు.

కోటయ్య స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. "ఇవి పచ్చగా వచ్చినందుకా మేడమ్?"

"కాదు. నువ్వు నా గదికి వచ్చిన మర్నాడే నీ ఫైలు పంపాను. ఏ లోపమూ లేదని రాయలేదు. రాస్తే అబద్ధమవుతుంది. పెద్ద తప్పు చేశాడు, ఎవరికీ తెలియకముందే తనంతట తానే వచ్చి చెప్పాడు, అడుగు వరుసలో ఏమైందో మాకు తెలిసింది అందువల్లనే, ఇలాంటి మనిషి జంతుశాలలో ఉండాలి అని రాశాను. అలాంటి ముక్క ఆఫీసువాళ్ళు ఎప్పుడూ చూడలేదు. దాన్ని ఏ గడిలో రాసుకోవాలో తెలియక రెండు నెలలు పెట్టుకు కూర్చున్నారు."

"నాకు చెప్పలేదే మేడమ్."

"నువ్వు అడగలేదు" అన్నారు ఆవిడ. చీకట్లో ముఖం కనపడలేదు గానీ గొంతులో నవ్వు ఉంది.

కోటయ్యకు దండం పెట్టాలో ఏం చెయ్యాలో తోచలేదు. వీణ వైపు తిరిగి తెలుగులో, "వీణమ్మా, మా ఇంటావిడకి ఒక్కసారి ఇది చూపిస్తావా?" అని అడిగాడు. "ఆ హీటరు మాట చెప్పింది ఆవిడే. నేనా రోజు ఇక్కడ చెప్పలా."

వీణ మేడమ్‌కు చెప్పింది. మేడమ్ గడియారం చూసుకున్నారు. "ఈ పచ్చ వెలుగు ఎక్కువసేపు నిలవదు. అరగంటలో తీసుకురాగలడా అడుగు."

అడిగేసరికి కోటయ్య గదిలో లేడు. కడిగే గది రబ్బరు చెప్పులతో, తడి ఆప్రాన్‌తో, ఏప్రిల్ ఎండలో కటవారియా సరాయ్ వైపు పరిగెత్తుతున్నాడు. గేటు దగ్గర కాపలా మనిషి ఎక్కడ అగ్గి అంటుకుందోనని భవనం వైపు చూశాడు.

ఇరవై నిమిషాల్లో మల్లేశ్వరిని ఆటోలో తీసుకొచ్చాడు. ఎందుకు రమ్మంటున్నాడో ఆమెకు చెప్పలేదు. చెప్పేంత ఊపిరి ఆయనకు లేదు. పిండి అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ, పెద్దవాళ్ళ మధ్య ముడుచుకుపోతూ, ఆమె స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. వీణ పక్కన వంగి, ఎక్కడ చూడాలో చెప్పి, ఆ పచ్చనివి ఏమిటో నెమ్మదిగా చెప్పింది. మల్లేశ్వరి కన్ను ఆనించి చాలాసేపు కదల్లేదు.

"అయితే అవి నా మాటకి చావలేదన్నమాట" అంది చివరికి.

"చావలేదు పిన్నీ" అంది వీణ. "చల్లబడేదాకా ఆగాయి, అంతే."

మల్లేశ్వరి ఇంకో కంటితో కూడా చూస్తానంది. వెలుగు తగ్గిపోయేదాకా ఎవరూ ఆమెను లెమ్మనలేదు. తర్వాత భార్యాభర్తలిద్దరూ ఎలుకల కబుర్లు చెప్పుకుంటూ వేపచెట్ల నీడన నడిచి ఇంటికి వెళ్ళారు. ఆర్డరు వచ్చిన సంగతి చెప్పడం కోటయ్యకు సాయంత్రం దాకా గుర్తే రాలేదు.